సాలిసిలిక్, బెంజాయిల్, అడాపలిన్: మొటిమలకు ఏది మేలు?

మా అక్క కూతురు ఎస్.ఆర్.నగర్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్తోంది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, సంచిలోంచి నాలుగు ట్యూబులు తీసి మంచం మీద పెట్టింది. "పిన్నీ, వీటిలో ఏది రాసుకోవాలి?" అంది. మూడేమో వీడియోలు చూసి కొన్నవి. నాలుగోది హాస్టల్ దగ్గర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చింది.

ఏ ట్యూబు మేలో చెప్పాలంటే ముందు ఆ ముఖం మీద ఉన్నవి ఏ రకమో చూడాలి. దాన్ని వెలుతురులో కూర్చోబెట్టి చూశాను. ముక్కు మీద, గడ్డం మీద నల్లటి చుక్కలు. బుగ్గల మీద ఎర్రటి మొటిమలు, వాటిలో రెండు మూడింటికి చీము తల. నుదుటి మీద మాత్రం అన్నీ ఒకే సైజులో సన్నటి పొక్కులు.

మన చర్మంలో వెంట్రుకల కుదుళ్ల దగ్గర నూనె ఊరే చిన్న గ్రంథులుంటాయి. ఈడొచ్చాక హార్మోన్ల వల్ల ఆ నూనె ఎక్కువవుతుంది. రాలిపోవాల్సిన చర్మకణాలు దానితో కలిసి ముద్దయి, నూనె బయటికొచ్చే దారిని మూసేస్తాయి. ఆ ముద్ద పైన చర్మం కప్పి ఉంటే వైట్‌హెడ్, నోరు తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది మురికి వల్ల కాదు, లోపలి పదార్థం గాలి తగిలి రంగు మారడం వల్ల. అందుకే ఎంత రుద్ది కడిగినా అది పోదు, చర్మం మాత్రం చిట్లుతుంది. మూసుకున్న చోట బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తే ఎర్ర మొటిమ అవుతుంది, ఆ తర్వాత చీము పడుతుంది. ఇంకా లోతుకు వెళ్తే ముట్టుకుంటేనే నొప్పి పుట్టే గడ్డలు. మచ్చలు, గుంటలు ఎక్కువగా మిగిల్చేవి ఇవే. డిగ్రీలో ఉన్నప్పుడు నాకిలాంటివే వచ్చాయి. గిల్లకూడదని చెప్పినవాళ్లు లేరు. ఆ గుంటలు నా బుగ్గల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఇక ట్యూబుల సంగతి. సాలిసిలిక్ యాసిడ్ (ట్యూబులో ఉన్నది 2 శాతం) నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగి ఆ ముద్దను వదులు చేస్తుంది. బ్లాక్‌హెడ్స్ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది చాలు. చీము మొటిమలకు దీని బలం సరిపోదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది. ఎర్ర మొటిమలకు, చీము పట్టినవాటికి మంచి మందు. యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది, దీనికి అలా అలవాటు పడదు. డాక్టర్లు యాంటీబయాటిక్ అయిన క్లిండామైసిన్‌కు దీన్ని జోడించి ఇచ్చేది అందుకే. శాతం ఎక్కువైతే పని ఎక్కువ చేస్తుందని అనుకోవద్దు. 2.5 శాతం దాదాపు 10 శాతమంత పని చేస్తుంది, మంట తక్కువ. ఒక ఇబ్బంది ఉంది: తువ్వాలు, దిండు గలీబు, చున్నీ, ఏది తగిలితే దాని రంగు పోతుంది. హాస్టల్ పిల్లలు తెల్ల తువ్వాలు పెట్టుకోవడం మంచిది.

అడాపలిన్ 0.1 శాతం జెల్ అసలు దారి మూసుకోకుండానే చూస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. ఉన్న మొటిమలతో పాటు రాబోయే మొటిమలకూ మందన్నమాట. ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కానీ ఓపిక కావాలి. మొదటి వారాల్లో చర్మం ఎండి పొట్టు లేస్తుంది, మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. ఫలితం కనబడడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలోనే మానేసి "ఇది నాకు పడలేదు" అంటారు. రాత్రిపూట బఠానీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి, మొటిమ మీద చుక్క పెట్టడం కాదు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. మా పిల్లకున్న బుగ్గలకైతే పొద్దున బెంజాయిల్, రాత్రి అడాపలిన్ జోడీ సరిపోతుంది.

నుదుటి పొక్కుల గురించి "దురద ఉందా?" అని అడిగాను. "బాగా ఉంది" అంది. ఒకే సైజులో ఉండి దురద పెట్టేవి ఫంగస్ వల్ల వచ్చినవీ కావచ్చు. హైదరాబాద్ ఎండాకాలంలో స్కూటీ మీద హెల్మెట్ పెట్టుకుని చెమటలో నానేవాళ్లకు ఇది మామూలే. దానికి ఈ మందులు కాదు, ఫంగస్ మందు కావాలి. తలకు పెట్టిన నూనె నుదుటి మీదికి జారినా పొక్కులొస్తాయి, కానీ వాటికి ఇంత దురద ఉండదు.

నాలుగో ట్యూబు వెనక సన్నటి అక్షరాలు చదివితే నా గుండె జారిపోయింది. అందులో మొమెటాసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్. మూడు వారాలుగా రాస్తోందట, "మొదట్లో చాలా బాగా తగ్గింది పిన్నీ" అంది. అదే దీని మోసం. ఎరుపు వెంటనే తగ్గుతుంది, మొహం తెల్లబడినట్టుంటుంది. అలాగే వాడుతుంటే చర్మం పలచబడి రక్తనాళాలు పైకి కనబడతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, మానగానే మొటిమలు రెట్టింపుగా తిరగబడతాయి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది. మిగతా మూడింటిలో ఏది మేలో మాట్లాడుకోవచ్చు. దీన్ని మాత్రం ఆ లెక్కలోకే తీసుకోవద్దు.

లోతైన గడ్డలున్నా, దవడ పొడవునా మొటిమలొస్తూ నెలసరి కూడా తప్పుతున్నా ట్యూబుల బేరం మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా పిల్లకు ఆ రెండూ లేవు. కానీ నుదుటి పొక్కులేమిటో తేలాలి, మూడు వారాల స్టెరాయిడ్ మాన్పించాలి. అందుకే సోమవారం పొద్దున్నే ఇద్దరం గాంధీ ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్తున్నాం. నాలుగో ట్యూబు పారేస్తానని అది అంటే, వద్దని నా సంచిలో వేసుకున్నాను, డాక్టరుకు చూపించడానికి.