బీప్ వచ్చింది సరే, బిల్లులో ఏం పడింది? నాలుగేళ్లు వాడిన చేతి బార్‌కోడ్ స్కానర్లపై సమీక్ష

కౌంటర్‌లో వైరున్న లేజర్ గన్ ఒకటి, కెమెరాలా పనిచేసే వైరున్న టూడీ ఇమేజర్ ఒకటి, గోడౌన్‌లో వైర్‌లెస్ ఒకటి. నాలుగేళ్లుగా ఇవి రోజూ వాడకంలో ఉన్నాయి. ఇప్పుడు కొనేవాళ్లు లేజర్ జోలికి పోవద్దు. దాని ఎర్రగీత బార్‌కోడ్ గీతలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరదాకా దాటితేనే చదువుతుంది. ఇమేజర్ ఫొటో తీసినట్టు చదువుతుంది కాబట్టి ప్యాకెట్ ఎటు తిరిగి ఉన్నా ఫర్వాలేదు. క్యూఆర్ కోడ్ లేజర్‌కి అసలు అందదు. 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్ల మీద బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి అయింది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అందులోనే ఉంటాయి. మందుల షాపుకైతే ఇక వేరే ఆలోచనే అక్కర్లేదు.

స్కానర్ కొత్తగా తగిలించగానే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకండి, నోట్‌ప్యాడ్ తెరిచి పది రకాల ప్యాకెట్లు కొట్టి చూడండి. కంప్యూటర్ దృష్టిలో ఈ గన్ ఒక కీబోర్డు, అంతే. ఒక్కో లైనులో ఒక్కో నంబరు పడాలి. మన సరుకుల మీద ఎక్కువగా 890తో మొదలయ్యే 13 అంకెలుంటాయి. అన్నీ ఒకే లైనులో వరసగా పడుతుంటే ప్రతి స్కాన్ తర్వాత ఎంటర్ కొట్టే సెట్టింగ్ లేదన్నమాట. మాన్యువల్‌లో దానికో బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని స్కాన్ చేస్తే సరి. ఆ పేజీలో కోడ్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక పక్కవాటిని కాగితంతో మూసి కొట్టండి. లేకపోతే ఇమేజర్ పక్క కోడ్‌ని పట్టుకుని ఇంకేదో సెట్టింగ్ మార్చేస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్, ఎంటర్ కోడ్‌లు రెండూ జిరాక్స్ తీసి లామినేషన్ చేయించి కౌంటర్ కింద ఉంచాలి.

బీప్ అంటే గన్ చదివిందని మాత్రమే. చదివింది ఎక్కడ పడిందో చూసుకోవాల్సింది మనమే. క్వాంటిటీ గడిలో కర్సర్ ఉండగా ట్రిగ్గర్ నొక్కితే 13 అంకెలూ పరిమాణంగా పడిపోతాయి. మూడు అంకెలు దాటిన పరిమాణాన్ని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకుండా పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. ఇంకొకటి ఎమ్మార్పీ. ధర మారినా చాలా సరుకులకు బార్‌కోడ్ మారదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు పాత ధర, కొత్త ధర ప్యాకెట్లు ఒకే ర్యాకులో ఒకే నంబరుతో ఉన్నాయి. ఎంత ఖరీదైన స్కానరైనా వీటిని విడదీయలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఎమ్మార్పీవారీగా బ్యాచ్‌లు పెట్టుకుని, స్కాన్ కాగానే ధర అడిగేలా చేసుకోవడమే దారి.

గోడౌన్‌లో ఇబ్బందులు వేరు. అట్టపెట్టెల మీద ఉండే 14 అంకెల కోడ్‌ని గన్ వాలుగా పెట్టి కొడితే ఒక్కోసారి సగమే చదివి, ఆరో ఎనిమిదో అంకెలు పంపి బీప్ కొట్టేస్తుంది. ఆ రకం కోడ్‌కి పొడవు 14 అని సెట్టింగ్‌లో బిగించేయాలి. కొన్ని విదేశీ చాక్లెట్ల మీద 12 అంకెలుంటాయి. ఒక గన్ ముందు సున్నా చేర్చి 13గా పంపుతుంది, ఇంకోటి చేర్చదు, ఒకే సరుకు రెండు ఐటమ్‌లుగా నమోదవుతుంది. అన్ని గన్‌లనీ ఒకే పద్ధతిలో పెట్టుకోవాలి. ఎక్సెల్‌లోకి స్కాన్ చేసేవాళ్లు ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

వైర్‌లెస్ గన్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క, అంటే డాంగిల్‌ని, సీపీయూ వెనక గుచ్చితే ఇనప డబ్బా చాటున సిగ్నల్ తగ్గుతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వేసి బల్ల మీదికి తెండి. అలా చేసినా నీళ్ల సీసాలు, నూనె డబ్బాల వరసల వెనక సిగ్నల్ అందకపోవచ్చు. అక్కడ గన్‌ని స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సరుకంతా కొట్టుకుని, తిరిగొచ్చాక అప్‌లోడ్ చేయడం నయం.

చదవకపోతే గన్‌ని తిట్టేముందు స్టిక్కర్ చూడండి. కోడ్‌కి రెండు పక్కలా ఖాళీ ఉండాలి. మామూలు సైజు 13 అంకెల కోడ్‌కి ఎడమవైపు 3.6 మిల్లీమీటర్లు, కుడివైపు 2.3. సొంతంగా లేబుళ్లు కొట్టేవాళ్లు చోటు కలిసొస్తుందని ఇక్కడే కత్తిరిస్తారు. తెల్ల కాగితం మీద ఎర్ర గీతలు అచ్చువేస్తే ఎర్ర వెలుతురుకి అవి తెల్లగానే కనబడతాయి, చదవదు. సిరా రిబ్బన్ లేకుండా వేడితోనే అచ్చయ్యే థర్మల్ లేబుల్ ఎండ తగిలే ర్యాకులో వెలిసిపోతుంది, నెలలు నిలవుండే సరుక్కి రిబ్బన్ ప్రింటే వేయించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు ప్యాకెట్‌కి చెమ్మ తుడిచి, కోడ్ దగ్గర రెండు వేళ్లతో ముడత లాగి, గన్‌ని కాస్త వాల్చి కొట్టాలి. మెరిసే చిప్స్ కవరుకీ అంతే, ఎదురుగా నిటారుగా పెడితే వెలుతురు తిరిగి గన్‌లోనే పడుతుంది.

వైరున్న గన్‌లో ముందు పోయేది కేబుల్, అదీ పిడిలోకి వెళ్లేచోట. గన్ ఆగి ఆగి పనిచేస్తుంటే అక్కడ వేలితో అటూ ఇటూ వంచి చూడండి. కదిపినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతుంటే గన్ బాగానే ఉందన్నమాట. చాలా మోడళ్లలో పిడి కింద సన్నటి రంధ్రం ఉంటుంది. పేపర్ క్లిప్ సాగదీసి అందులో నొక్కి లాగితే కేబుల్ ఊడివస్తుంది. కొత్తది అదే మోడల్‌కి సరిపోయేదే అడిగి తీసుకోండి, చివర ఒకేలా కనిపించినా లోపలి వైర్ల వరస వేరుగా ఉండొచ్చు.