నాలుగు చక్రాలూ నేలపైనే: ఒక టో బార్, ఒక బ్రేక్ పెట్టె

మోటార్‌హోమ్ (లోపలే నివసించే వీలున్న పెద్ద బండి) వెనుక కారును ట్రైలర్ ఎక్కించకుండా, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లేలా లాక్కెళ్లడానికి కొన్న టో బార్‌నూ, దానికి తోడుగా కారులో పెట్టే బ్రేక్ పెట్టెనూ రెండు వేసవులు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా కారు సంగతి చెప్పాలి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు నూనె అందించే పంపు ఇంజిన్ తిరుగుతున్నప్పుడే పనిచేస్తుంది కాబట్టి, ఇంజిన్ ఆపి కారును లాగితే లోపలి భాగాలు నూనె లేకుండా తిరిగి పాడవుతాయి. నా జీప్ రాంగ్లర్‌లో, గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో పెట్టి చక్రాలకూ గేర్‌బాక్స్‌కూ లంకె తెంచవచ్చు గనుక ఆ బెడద లేదు. అయితే మోడల్ పేరు చూసి నిర్ణయించుకోకూడదు: అమెరికాలో అమ్మిన హోండా సీఆర్-వీని 2014 మోడల్ వరకు ఇలా లాగవచ్చు, సీవీటీ (మెట్లుమెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ వచ్చిన 2015 మోడల్‌ను లాగకూడదు. ఆ సంవత్సరపు యజమాని పుస్తకం చెప్పిందే ప్రమాణం.

ఇక టో బార్ విషయంలో నాకు పూర్తి సంతృప్తి ఉంది. దాని రెండు చేతులూ, అంటే కారుకు తగిలించే కడ్డీలు, సాగుతాయి, ముడుచుకుంటాయి; కారును సుమారుగా వెనుక నిలిపి పిన్నులు తగిలించి, మోటార్‌హోమ్‌ను మెల్లగా ముందుకు కదిలిస్తే అవి సాగి వాటంతట అవే బిగుసుకుంటాయి. ఎగుడుదిగుడు నేల మీద విప్పేటప్పుడు కూడా, బిగిసిన చేతిని మీట లాగి వదులు చేయవచ్చు. బార్ నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి; నా బండి హుక్కు ఎత్తుగా ఉన్నందున ఎత్తు తగ్గించే అడాప్టర్ విడిగా కొనవలసి వచ్చింది. కారు తగిలించి ఉండగా వెనక్కి నడిపితే దాని ముందు చక్రాలు ఒక పక్కకు తిరిగిపోయి బార్ చేతులు వంగిపోతాయన్న హెచ్చరికను తయారీదారు కరపత్రంలో చిన్న అక్షరాలతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. దాన్ని బార్ మీదే అచ్చు వేయాలి.

బ్రేక్ పెట్టెతోనే అసలు ఇబ్బంది. మోటార్‌హోమ్ బ్రేకులు దాని సొంత బరువుకు తగినట్లు చేసినవి, కాబట్టి వెనుక కారుకూ బ్రేక్ తప్పనిసరి. సీటుకూ పెడల్‌కూ మధ్య కూర్చునే ఈ పెట్టె, బండి వేగం తగ్గడాన్ని పసిగట్టి పెడల్‌ను నొక్కుతుంది. సున్నితత్వాన్ని కాస్త ఎక్కువగా పెట్టిన రోజున రోడ్డు మీది ప్రతి గుంతకూ అది బ్రేక్ వేసింది. ఆగి చూస్తే ముందు చక్రాలు వేడెక్కి ఉన్నాయి. పెట్టెను అమర్చే ముందు, ఇంజిన్ ఆపి పెడల్‌ను పలుమార్లు తొక్కి, పెడల్ నొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌ను పోగొట్టాలన్న సూచనను నేను మొదట పట్టించుకోలేదు. అది చేశాక తీరు మెరుగుపడింది. కారు ఊడిపోతే దానంతట అది బ్రేక్ వేయించే తీగను మాత్రం ప్రతి ప్రయాణానికి ముందు లాగి పరీక్షిస్తున్నాను, అది ఒక్కసారి కూడా విఫలం కాలేదు.

ఈ బార్‌ను మళ్లీ కొంటాను. పెట్టెకు బదులు, రోజూ తీసి పెట్టే పని లేకుండా కారులోనే శాశ్వతంగా బిగించే బ్రేక్ ఏర్పాటును ఎంచుకుంటాను.