దేశాలు మారుతూ ఇంట్లోనే చదివించడం: కొన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నాను. చదువు వరకు హోమ్ స్కూలింగ్‌కు మంచి మార్కులే వేస్తాను. కాగితాల గొడవ దగ్గరికొస్తే అత్తెసరు మార్కులే.

ఉద్యోగరీత్యా దేశాలు మారే కుటుంబం మాది. జపాన్‌లో బడులు ఏప్రిల్‌లో తెరుస్తారు, ఆస్ట్రేలియాలో జనవరి చివర, యూరప్‌లో చాలాచోట్ల సెప్టెంబర్‌లో. మధ్యలో వెళ్లి చేరే పిల్లలకు ఒకచోట భిన్నాలు రెండుసార్లు వస్తాయి, ఇంకోచోట అసలు రానే రావు. పెద్దమ్మాయికి సరిగ్గా ఇదే జరగడంతో ఇంటి చదువు మొదలుపెట్టాం. ఇప్పుడు తను ఐజీసీఎస్ఈ, అంటే మన పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్షలకు చదువుతోంది. చిన్నవాడు మొదటి నుంచీ ఇంట్లోనే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పుస్తకాలు కాదు, చట్టం. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. అక్కడ నివాసం ఉంటే విదేశీయులకైనా అదే రూలు. స్వీడన్‌లో 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు తెలియజేస్తే సరిపోయేది, 2022 నుంచి ముందస్తు అనుమతి కావాలి. ఇంగ్లండ్‌లో ఇబ్బంది లేదు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కానీ టెక్సస్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు, న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. సింగపూర్‌లో నిర్బంధ విద్య చట్టం అక్కడి పౌరసత్వం ఉన్న పిల్లలకే. ఒక బదిలీ ముందు హెచ్ఆర్ వాళ్లను అడిగితే "ఏం పర్లేదండీ, అందరూ చేస్తున్నారు" అన్నారు. వెళ్లాల్సిన దేశం విద్యాశాఖ సైట్ తెరిచి చూస్తే అక్కడ అసలు కుదరదని ఉంది! ఆ బదిలీ వద్దనుకున్నాం. వీసా మీద బతికేవాళ్లకు ఇలాంటి రిస్క్ అస్సలు పనికిరాదు.

ఇక రోజువారీ చదువు. లెక్కలకు ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌ను ఇన్నేళ్లుగా వాడుతున్నాం. ఉచితం, ఏ దేశంలోనైనా అదే పాఠం, ఆగిపోయిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇల్లు మారే వారంలో దాని విలువ తెలుస్తుంది. కానీ రాత నేర్పడానికి ఏ యాప్ మీదా ఆశలు పెట్టుకోకండి. పిల్లలు రాసింది కూర్చుని చదివి, ఈ వాక్యం ఎందుకు కుదరలేదో చెప్పే మనిషి కావాల్సిందే. మా ఇంట్లో ఎక్కువ సమయం తినేసింది అదే, మా ఇద్దరికీ గొడవలు వచ్చింది కూడా అక్కడే. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అని పంచుకున్నాకే కాస్త ఊపిరి ఆడింది. ఒక్కరి మీదే పడితే ఇది పూర్తికాలం ఉద్యోగం, జీతం ఉండదంతే.

ల్యాబ్ లేకుండా సైన్స్ ఎలా అని చాలామంది అడుగుతారు. కేంబ్రిడ్జ్ బోర్డు ఐజీసీఎస్ఈ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో ప్రాక్టికల్‌కు బదులు రాతపరీక్ష ఉంది, ఆల్టర్నేటివ్ టు ప్రాక్టికల్ అంటారు. ప్రైవేటుగా రాసే పిల్లలకు అది పెద్ద వరం. అసలు తలనొప్పి పరీక్ష కేంద్రం. అన్ని కేంద్రాలూ బయటి పిల్లలను తీసుకోవు. తీసుకునేవి కూడా కోర్స్‌వర్క్ (చదువుతుండగానే చేసి మార్కులు వేయించుకోవాల్సిన పని), మౌఖిక పరీక్ష ఉన్న సబ్జెక్టులంటే వెనకాడతాయి. కాబట్టి కేంద్రం దొరికాకే సబ్జెక్టులు ఎంచుకోండి. రిజిస్ట్రేషన్‌కూ పరీక్షకూ మధ్య నెలల తేడా ఉంటుంది, ఈలోపు బదిలీ ఆర్డర్ వస్తుందేమోనని టెన్షన్ వేరే.

అంతకు ముందు తరగతులకు బయటి సర్టిఫికెట్ ఏదీ ఉండదు. రేపు బడిలో చేర్పించాలంటే ఏం చదివారో చూపించాలి కదా. అందుకే ఏటా సబ్జెక్టుల జాబితా, వాడిన పుస్తకాలు, రాసిన వ్యాసాలు కొన్ని తేదీలు వేసి స్కాన్ చేసి పెడతాం. విసుగు పుట్టించే పనే. ఒకసారి అడ్మిషన్ మాటలు నడిచినప్పుడు ఆ ఫైలే మమ్మల్ని గట్టెక్కించింది.

"మరి స్నేహితులో?" అనే ప్రశ్నకు నా జవాబు చాలామంది హోమ్ స్కూలింగ్ తల్లిదండ్రుల జవాబులా ఉండదు. స్నేహితులు దొరుకుతారు, ఆటల క్లబ్బులో చేరిస్తే చాలు. పోయేది స్థానిక భాష. బడికెళ్లే పిల్లలు ఏడాది తిరిగేసరికి మైదానంలో గొడవపడేంత నేర్చేసుకుంటారు. మా వాడు ట్యూటర్ దగ్గర చక్కగా చదువుతాడు, రాస్తాడు, పక్కింటి పిల్లలు వేగంగా మాట్లాడితే మాత్రం నా మొహం చూస్తాడు. మూడేళ్లకు మించి ఒకేచోట ఉండే అవకాశం ఉంటే స్థానిక బడే నయం అంటాను. ఏడాదికో రెండేళ్లకో మారేవాళ్లకు ఇంటి చదువే మేలు.

ఈసారి కాంట్రాక్టు పొడిగించారు. చిన్నవాణ్ణి వచ్చే టర్మ్ నుంచి దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేరుస్తున్నాం. అమ్మాయి మాత్రం పరీక్షలయ్యే వరకు ఇంట్లోనే చదువుతానంది, సరేనన్నాం.