గోడౌన్ దుమ్ము ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి మరీ పని చేశారు (కడప)

కొప్పర్తి వైపు గోడౌన్లు నడిపేవాళ్లు, పొద్దున ఊడ్పించినా సాయంత్రానికి కార్టన్ల మీద వేలితో రాసేంత దుమ్ము పడుతుంటే, స్వీపింగ్ మిషన్ కొనేముందు ఈ ఫ్లోరింగ్ వాళ్లని పిలిపించుకోండి. మా దగ్గర అందరిదీ ఒకటే మాట, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు తిరిగే రోడ్డు కదా, షట్టర్లు తెరిస్తే ఇంతే అని. వీళ్లు మాత్రం రాగానే కొటేషన్ రాయలేదు, ముందు దుమ్ము చూశారు.

తుడిచిన స్టీలు ప్లేట్లు షట్టర్ దగ్గర, ర్యాకుల మధ్య, ఫోర్క్‌లిఫ్టులు మలుపు తిరిగే చోట పెట్టించి షిఫ్టు అయ్యాక తీశారు. షట్టర్ దగ్గరి ప్లేటు మీద పలచగా మట్టిరంగు దుమ్ము, అంతే. మలుపు దగ్గరిది మాత్రం మందంగా, బూడిదరంగులో, మెత్తటి పిండిలా ఉంది, అందులో నల్లటి నలకలు, వేళ్ల మధ్య నలిపితే సాగుతున్నాయి, అవి టైరు రబ్బరు. అయస్కాంతం పెడితే ఇనుప రజను పెద్దగా అంటలేదు, అంటే అది అరిగిన ఇనుము కాదు. ఆ తర్వాత మేకుతో నేల గీశారు. బండ్లు అసలు వెళ్లని మూలలో కూడా తెల్లటి పొడి లేచింది! అంటే మా కాంక్రీటు పైపొరే గట్టిగా లేదు, ఫోర్క్‌లిఫ్టులు దాన్ని రోజూ నూరుతున్నాయి. పోసేటప్పుడు నీళ్లు ఎక్కువైనా, పైకి తేలిన నీరు ఇంకకముందే ట్రోవెల్ (తాపీ) కొట్టి నునుపు చేసినా, మన ఎండలకి క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) చాలకపోయినా ఇలాగే అవుతుందట.

పైపొర గ్రైండ్ చేసి సిలికేట్ డెన్సిఫయర్ అనే, నేలని గట్టిపరిచే ద్రావణం పట్టించారు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి లోపలే గట్టిపడుతుంది, పెయింటులా టైర్ల కింద పెచ్చులూడదు. బిల్లు పెరిగే ఎపాక్సీ (నేల మీద వేసే రెసిన్ పూత) మీకు అవసరం లేదని వాళ్లే చెప్పారు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. పొడి చీపురుతో ఊడవొద్దని కూడా గట్టిగా చెప్పారు, కాంక్రీటు పొడిలో ఊపిరితిత్తులకి హాని చేసే సిలికా ఉంటుంది, అది పీల్చేది మా హమాలీలే కదా. ఇప్పుడు తడి మాపే వాడుతున్నాం, కార్టన్లు శుభ్రంగా ఉంటున్నాయి. నల్ల నలకలు ఇంకా పడుతూనే ఉన్నాయి, టైర్లు మార్చేటప్పుడు నాన్-మార్కింగ్‌వి (నేల మీద నల్ల గుర్తులు వదలనివి) వేయించాలి.

ఒక్క స్టార్ తగ్గించింది ఎందుకంటే, చివరి వరసలో నేల మీద మిగిలిన డెన్సిఫయర్ సరిగ్గా కడగలేదు, తెల్లటి మరకలు గట్టిపడిపోయాయి, ఫోన్ల మీద ఫోన్లు చేస్తే గానీ మనిషిని పంపలేదు.