తొమ్మిదేళ్లు విన్నాక: బెరిలియం ట్వీటర్, కాగితం మిడ్‌రేంజ్, అల్యూమినియం వూఫర్లు

ఈ త్రీవే (పై, మధ్య, కింది స్వరాలకు వేర్వేరు యూనిట్లున్న) స్పీకర్లను తొమ్మిదేళ్లుగా దాదాపు రోజూ వింటున్నాను. పైన 25 మిల్లీమీటర్ల బెరిలియం డోమ్ ట్వీటర్ (పై స్వరాలకు), మధ్యలో పూత వేసిన కాగితం కోన్ మిడ్‌రేంజ్ (గొంతులాంటి మధ్య స్వరాలకు), కింద రెండు అల్యూమినియం వూఫర్లు (కింది స్వరాలకు). కొన్నప్పుడు నా దృష్టంతా బెరిలియం మీదే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఆ కాగితం కోన్ సంగతే చెబుతాను.

బెరిలియం గురించి చెప్పేది అబద్ధం కాదు. అల్యూమినియం కన్నా తేలిక, బిగువు మాత్రం దానికి నాలుగు రెట్లు, అందుకే డోమ్ ఎక్కడా వంగకుండా మొత్తం ఒక్కటిగా కదులుతుంది. డ్రమ్‌సెట్‌లోని సింబల్ అనే లోహపు పళ్లెం మీద కర్ర తగిలిన క్షణం వేరుగా, ఆ తర్వాత లోహపు మోత మెల్లగా సన్నగిల్లడం వేరుగా తెలుస్తాయి, గంటలు విన్నా చెవి అలసిపోదు. ఒక్క జాగ్రత్త, డోమ్ పగిలితే ముక్కల్ని చేత్తో ముట్టకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. నేను ముందున్న జాలీ ఎప్పుడూ తీయను.

ఇక మిడ్‌రేంజ్. అంతకుముందు వాడిన టూవేలో ఆరున్నర అంగుళాల అల్యూమినియం కోన్ ఉండేది. ఆడవాళ్ల గొంతు కాస్త పైకి లేస్తే చాలు, గరుకుగా గీసుకున్నట్టు వినిపించేది. మైక్ పెట్టి కొలిస్తే 6 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం కనిపించింది, కోన్ అక్కడ గంటలా మోగుతోంది. ఏ స్వరాలు ఏ యూనిట్‌కు వెళ్లాలో విడదీసే క్రాసోవర్ ఫిల్టర్ అంతకన్నా చాలా కిందే కోసేస్తోంది కదా అనుకున్నాను, కానీ 2 కిలోహెర్ట్జ్ స్వరం వాయించినప్పుడు మోటార్ (కోన్‌ను కదిపే అయస్కాంతం, తీగచుట్ట) దగ్గర పుట్టే మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న అదనపు స్వరం, సరిగ్గా 6 దగ్గరే పడుతుంది, అది క్రాసోవర్ దాటాక పుట్టేది కాబట్టి దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. కాగితం కూడా ఒక స్థాయి దాటాక వంగుతుంది, కాకపోతే పీచుల మధ్య రాపిడిలో ఆ కంపనం అరిగిపోతుంది, మోత మిగలదు. పైగా ఇందులో అయస్కాంతం మధ్య స్తంభానికి రాగి తొడుగు ఉంది, వాయిస్ కాయిల్‌లో (ఆ తీగచుట్టలో) పారే కరెంటుతో అయస్కాంత క్షేత్రం ఊగకుండా చూసి, వక్రీకరణను పుట్టే చోటే తగ్గిస్తుంది. స్పెక్ షీట్‌లో ఈ ఒక్క మాట కోసం వెతకండి, కోన్ దేనితో చేశారన్నది తర్వాత చూసుకోవచ్చు.

వూఫర్లవి కూడా అల్యూమినియం కోన్లే కానీ 300 హెర్ట్జ్ లోపే పనిచేస్తాయి కాబట్టి ఏ గొడవా లేదు.

పాత జతకు పన్నెండో ఏట సరౌండ్ (కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) ఫోమ్ పాడైంది, వేలు తగిలిస్తే జిగురు పట్టిన నల్లపొడిలా ఊడొచ్చింది. వీటికి రబ్బరు సరౌండ్, ఇంకా మెత్తగానే ఉంది. ఏడాదికోసారి మెయిన్ ఆపేసి, వూఫర్ కోన్‌ను రెండు వైపులా సమానంగా వేళ్లతో నెమ్మదిగా లోపలికి నొక్కి చెవి పెడతాను, కాయిల్ ఎక్కడైనా రాసుకుంటోందేమోనని. మొన్న చూసినప్పుడు కూడా చప్పుడేమీ లేదు.