తొక్కులా, సకినాలా: సంఘం లోన్‌తో ఏది మొదలుపెడితే మేలు?

"అక్కా, సంఘంల లోన్ వచ్చింది. తొక్కులు పెట్టుమంటవా, సకినాలు చేయుమంటవా?" పరకాల, హుజూరాబాద్ వైపు నుంచి ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఇదే. చేయడం మీ అందరికీ వచ్చు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను. అమ్మకానికి ఏది మేలో మాత్రం చెప్తాను.

చాలామంది మనసు తొక్కు మీదే ఉంటుంది. అందులో న్యాయముంది. ఎండాకాలంలో కొన్నాళ్లు కష్టపడితే ఏడాదంతా అమ్ముకోవచ్చు. మిర్చి మన దగ్గర పండేదే. వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అనే ముద్ర, కూడా వచ్చింది. దానితో పెట్టిన మామిడికాయ తొక్కు రంగు చూస్తేనే నోరూరుతుంది. కానీ చపాటలో కారం తక్కువ, మన నోళ్లకు ఆనాలంటే కొంత ఘాటైన తేజ మిర్చి కలపాల్సిందే.

నేను మాత్రం ముందు కిస్తీ చూస్తాను. లోన్ తీసుకున్నాక నెలనెలా కట్టాలి కదా. తొక్కుకు కాయలు, కారం, నూనె, అల్లం, ఎల్లిగడ్డ, సీసాలు అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే కొనాలి. పెట్టుబడంతా ఒక్కసారే జాడీల్లోకి పోతుంది, తిరిగొచ్చేది మాత్రం అరకిలో, కిలో చొప్పున. ఆ రోజుల్లో ఊళ్లో ఏ ఇంట్లో చూసినా తొక్కు ఉంటుంది, మరి మీది కొనేదెవరు? జూన్‌లో హాస్టళ్లకు పోయే పిల్లల కోసం కొంత పోతుంది. అసలు గిరాకీ ఇళ్లలో జాడీలు అడుగంటాకే. అప్పటిదాకా కిస్తీ ఎక్కడినుంచి తెస్తారు? కూలి డబ్బుల్లోంచి, లేదంటే ఇంకో అప్పు చేసి. చేతిలో మంచి రుచి ఉన్న ఆడవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. పైగా తడి గరిటె పెట్టి బూజు వచ్చిందంటే జాడీ మొత్తం పోయినట్టే.

సకినాలకు ఆ టెన్షన్ లేదు. అడ్వాన్సు తీసుకుని, ఆర్డర్‌కు తగ్గట్టే బియ్యం నానబోయొచ్చు. పిండి చెడినా పోయేది ఆ పూట సరుకే. సంక్రాంతి సంగతి సరే, అది దాటాక కూడా పెళ్లి సారెలు, శ్రీమంతాలు, గల్ఫ్ పోయేవాళ్ల బ్యాగులు ఉండనే ఉన్నాయి. సరుకు ఇచ్చిన రోజే డబ్బు చేతికొస్తుంది.

కష్టమంతా చుట్టడంలోనే. మురుకుల్లా గొట్టంలో పెట్టి ఒత్తేది కాదు. కొంచెం పిండి వేళ్ల మధ్య తీసుకుని, మెలి తిప్పుతూ బట్ట మీద చుట్టు వెంట చుట్టు వేయాలి. మెలిక సన్నగా, ఒకే తీరుగా రావాలి. లావైతే పైన ఎర్రబడినా లోపల మెత్తగానే ఉండిపోతుంది. అలాంటివి ఎక్కువ రోజులు నిలవవు, కొన్నవాళ్లు మళ్లీ రారు. తడి పిండిని రేపటికి పెడితే పులుస్తుంది కాబట్టి పట్టించిన రోజే చుట్టేయాలి. అందుకే మీ వాడలో మీతో కూర్చుని చుట్టే చేతులు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాకే పెద్ద ఆర్డర్ ఒప్పుకోండి.

పంపడంలో రెండింటికీ చిక్కే. తొక్కు కారుతుంది, సకినం విరుగుతుంది. సకినాలను గట్టి డబ్బాలో కదలకుండా పేర్చండి. మధ్యలో న్యూస్ పేపర్ మాత్రం వద్దు, నూనెకు సిరా అంటుకుంటుంది.

గరిజెలు, నువ్వుల లడ్డూలు సారెతో పాటు అడిగితే చేయండి. సర్వపిండి వేడిగా తినాల్సింది, పార్సిల్‌కు పనికిరాదు.

నన్నడిగితే లోన్ డబ్బు సకినాల్లో పెట్టండి. అందులో మిగిలిన దానితో, అప్పుతో కాదు, వచ్చే ఎండాకాలం ఒకటో రెండో జాడీల తొక్కు పెట్టి సకినాలు కొనేవాళ్లకే చూపించండి. ఏది మొదలుపెట్టినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించుకుని, ఆ నంబరు, తయారుచేసిన తేదీ ప్యాకెట్ మీద వేయండి.