వీర్య పరీక్ష కోసం వెళ్లిన ల్యాబ్: రిపోర్టులోని మాటలకి అర్థం చెప్పి పంపించారు

నేను వీర్య పరీక్ష చేయించుకున్న ల్యాబ్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. రిపోర్టు చేతికిచ్చి పొమ్మనకుండా, అక్కడి సీనియర్ టెక్నీషియన్ కూర్చోబెట్టి అందులోని మాటలు విడదీసి చెప్పారు. ఈ టెస్టుకి అది చాలా అవసరం, ఎందుకంటే ఇందులో అంకెల కంటే పేర్లే ఎక్కువ భయపెడతాయి.

నా రిపోర్టులో ఉన్న మాట ఒలిగోఅస్థీనోజూస్పెర్మియా. చదవగానే ఏదో పెద్ద జబ్బు పేరులా అనిపించి టెన్షన్ వస్తుంది. అన్నీ గ్రీకు ముక్కలే: ఒలిగో అంటే కొద్ది, అస్థీనో అంటే బలం లేనిది, జూ అంటే ప్రాణి, స్పెర్మా అంటే విత్తనం. వీర్యంలో శుక్రకణాలు తక్కువగా ఉన్నాయి, వాటి కదలిక తగ్గింది, అంతవరకే దాని అర్థం. కారణమేంటో ఆ పేరు చెప్పదు, అది డాక్టర్ వెతకాల్సిన సంగతి.

మరి మధ్యలో ప్రాణి ఎందుకొచ్చింది? ఆ టెక్నీషియన్ ఎంతో ఇష్టంగా చెప్పారీ సంగతి. 1677లో లేవెన్‌హుక్ అనే డచ్చి ఆయన తను చేసుకున్న మైక్రోస్కోప్ కింద వీర్యం పెట్టి చూస్తే తోకలాడిస్తూ ఈదుతున్నవి కనబడ్డాయి, చిన్న జంతువులనుకున్నాడు. 1827లో ఫాన్ బేయర్ అనే శాస్త్రవేత్త వాటికి స్పెర్మటోజోవా, అంటే విత్తనపు ప్రాణులు అని పేరు పెట్టినప్పుడు కూడా వాటిని వీర్యంలో బతికే పరాన్నజీవులుగానే లెక్కగట్టాడు. అవి వృషణాల్లోని కణాల నుంచే తయారవుతాయని 1841లో కోలికర్ అనే ఇంకో శాస్త్రవేత్త చూపించాడు, కానీ అప్పటికే పేరు స్థిరపడిపోయింది.

ఇదంతా తెలిస్తే ఏం లాభం అంటారా, ఉంది. అస్పెర్మియా, అజూస్పెర్మియా అని రెండు మాటలున్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తేడా ఆ జూ దగ్గరే ఉంది. మొదటిదాంట్లో అసలు ద్రవమే బయటికి రాదు. రెండోదాంట్లో ద్రవం వస్తుంది, అందులో కణాలు కనబడవు. అది కూడా అన్నిసార్లూ కణాలు తయారు కాకపోవడం వల్లే కాదు, కొందరిలో తయారవుతాయి గానీ వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది, అలాంటప్పుడు లోపలి నుంచి తీసే పద్ధతులున్నాయి.

కణాల ఆకారం బాగాలేనప్పుడు రాసే టెరాటో అన్న మాట ఇంకా ఘోరం, గ్రీకులో వికృత రూపం అని అర్థం. నిజానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం సరైన ఆకారంలో ఉన్న కణాలు 4 శాతం ఉన్నా చాలు. మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ఇవి కూడా ఆ లెక్కల్లోవే. ఏడాదిలోపు భార్యలు గర్భం దాల్చిన మగవాళ్లలో కింది 5 శాతం దగ్గర గీసిన గీతలవి. గీత కింద ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు.

మన భాషలో ఇంకో చిక్కుంది. వీర్యం అనే మాట వీర అనే మాటలోంచి పుట్టింది, అందుకే కౌంట్ తగ్గిందంటే చాలామంది మగవాళ్లు తమ మగతనమే తగ్గిందనుకుని కుమిలిపోతారు, కొందరైతే టెస్టుకే రారు. శుక్రకణం అనండి, నేరుగా ఉంటుంది.

ఒక మార్కు కౌంటర్ దగ్గర తగ్గించాను. పేరు, టెస్టు అందరికీ వినబడేలా గట్టిగా పిలిచారు. ఈ పరీక్షకి వచ్చేవాళ్లు ఎంత ధైర్యం కూడగట్టుకుని వస్తారో వాళ్లకి తెలియాలి, టోకెన్ నంబరు పిలిస్తే సరిపోతుంది. సూచనలు మాత్రం సరిగ్గా ఇచ్చారు: రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండా ఆగి రావాలి, ఇంటి నుంచి శాంపిల్ తెస్తే గంటలోపు అందాలి, ఒంటి వేడికి దగ్గరగా ఉంచాలి.

ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరని కూడా ముందే చెప్పారు. కణం తయారు కావడానికి 70 రోజులకు పైనే పడుతుంది, మధ్యలో గట్టి జ్వరం వచ్చినా కొన్ని వారాల తర్వాత కౌంట్ పడిపోవచ్చు. నాకూ మళ్లీ చేయించమన్నారు, ఇక్కడికే వెళ్తాను. ఫోన్‌కి వచ్చే రిపోర్టులో మాత్రం ఆ గ్రీకు పేర్లు ఒక్కటే ఉంటాయి, వాటి కింద తెలుగులో అర్థం కూడా వేస్తే బాగుంటుందని వాళ్లకి రాసిచ్చాను.